ఇంగ్లీషు చుట్టు తిరగకు తమ్ముడూ, తెలుగులోంచే చైనీస్ నేర్చుకో

పలాస నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ళ నాన్నగారికి జీడి ఫ్యాక్టరీ ఉంది, పప్పు గ్రేడింగ్‌కి కలర్ సార్టర్ మెషిన్ చూడ్డానికి అక్టోబర్‌లో చైనాలో జరిగే కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శనకి గ్వాంగ్‌జౌ ఎళ్తున్నాడు, ఇంతవరకు దేశం దాటలేదు, చేతిలో రెండు నెలలు ఉన్నాయి. రెండు వారాల నుంచి యూట్యూబ్‌లో ఇంగ్లీషు వీడియోలు చూస్తున్నాడట, టోన్లు, అంటే మాటని పలికే గొంతు ఎత్తు తేడాలు, చెవికి ఎక్కట్లేదు, రాసింది ఒకలా పలికేది ఇంకోలా ఉంది. "ఇది నా వల్ల అవుద్దా అన్నా, లేకపోతే ట్రాన్స్‌లేటర్ యాప్ పెట్టుకుని ఎళ్ళిపోనా, ఆ బొమ్మల అక్షరాలు కూడా నేర్చుకోవాలా" అని అతని ప్రశ్న.

నాది విజయనగరం. 2011లో మొదటిసారి గ్వాంగ్‌జౌలో దిగాను, అక్కడా పక్కన ఫోషాన్‌లోనూ కలిపి ఏడేళ్ళు ఉన్నాను, మన దేశం నుంచి వచ్చే పార్టీలకి మెషిన్లు, టైల్స్ కొనిపెట్టే పని. నేనూ నీలాగే ఇంగ్లీషు పుస్తకంతో మొదలెట్టాను, ఆ పుస్తకం వల్ల తప్పుగా అలవాటైన నాలుకని సరిచేసుకోడానికే నాకు ఏడాది పట్టింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, నీకు ఆ ఏడాది పోకూడదు.

ముందు నిజం చెప్పాలి కదా, ఫెయిర్ లోపల నీకు మాండరిన్, అదే మనం చైనీస్ అంటున్న భాష, రాకపోయినా పని జరిగిపోతుంది. స్టాల్‌లో కూర్చునే అమ్మాయిలకి ఇంగ్లీషు వచ్చు, రేటు కాలిక్యులేటర్ మీద కొట్టి చూపిస్తారు. భాష అవసరమయ్యేది గేటు దాటి బయటికొచ్చాకే, టాక్సీలో, తిండి దగ్గర, మందుల షాపులో, అన్నిటికంటే ముఖ్యంగా "ఫ్యాక్టరీ చూపిస్తాం రండి" అని తీసికెళ్ళినప్పుడు, అక్కడ ఓనర్‌కీ ఫిట్టర్‌కీ ఇంగ్లీషు ముక్క రాదు, వాళ్ళిద్దరూ నీ ఎదురుగానే నీ మెషిన్ గురించి మాట్లాడుకుంటారు. యాప్ అక్కడ పనికొస్తుంది గానీ యాప్‌కి నువ్వు ఫోన్ పెట్టి పట్టుకోవాలి, పక్కన జరిగే మాట దానికి పట్టదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు చూస్తున్న వీడియోల్లో చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు చూడు, దాన్ని పిన్‌యిన్ అంటారు, 1958లో వాళ్ళ ప్రభుత్వం పెట్టుకున్న పద్ధతి. పద్ధతి మంచిదే. కానీ అందులో బి అక్షరం బ కాదు, డి అక్షరం డ కాదు, జి అక్షరం గ కాదు. బి అని రాస్తే ప, డి అని రాస్తే త, జి అని రాస్తే క. మరి పి, టి, కె ఏటంటే అవే ప, త, క లు గాలి వదిలి పలికితే వచ్చేవి, అంటే ప్హ, థ, ఖ. ఇంగ్లీషువాళ్ళకి ఈ తేడా వేరే అక్షరంగా కనపడదు కాబట్టి వాళ్ళ పుస్తకాల్లో దీనికి పేజీలు పేజీలు వివరణ ఉంటుంది. మనకి ఒకటో క్లాసులోనే క ఖ, త థ అని పలక మీద దిద్దించీసారు కదా. మాటల్లో ఒత్తులు పలకడం మానేశాం గానీ ఆ గడి మన బుర్రలో ఉంది. అందుకే చైనీస్ మాటని ఇంగ్లీషులో రాసుకోకు, తెలుగులో రాసుకో. గ్వాంగ్‌జౌ అని మనం అంటున్నది అక్కడివాళ్ళ నోట్లో కువాంగ్ ట్షొవ్. బీజింగ్ పెయ్ చింగ్. నాన్నని బాబా అని రాస్తారు, పలికేది పాప అన్నట్టు ఉంటుంది.

పరీక్ష ఒకటి చెప్తాను. పాత క్యాలెండర్ కాగితం చిన్న ముక్క చింపి నోటికి బెత్తెడు దూరంలో వేలాడేలా పట్టుకో. ప అంటే కాగితం కదలకూడదు, ప్హ అంటే ఎగరాలి. చ కి కదలకూడదు, ఛ కి ఎగరాలి. రోజూ ఐదు నిమిషాలు, ఒక వారం చాలు. ఫ దగ్గర మాత్రం జాగ్రత్త, మనం ఫ్యాన్, ఫోన్ అనే ఫ వాళ్ళకి వేరే ఉంది, అందుకే నేను గాలి ఒత్తుని ప్హ అని రాస్తున్నాను, ఫ అని రాస్తే ఫ్యాన్‌లో ఫ.

ఇంగ్లీషు పుస్తకాలు భయపెట్టే ఇంకో గుంపు ఉంది, జె, క్యూ, ఎక్స్, జెడ్, సి. జె అంటే మన చిలకలో చ. క్యూ అంటే దాని ఒత్తు, ఛ. ఎక్స్ అంటే శంకరుడి శ. ఎస్ హెచ్ కలిపి రాస్తే షణ్ముఖుడి ష, నాలుక మడిచి పలికేది. జెడ్ అంటే చలి, చాప, చుట్టం అన్నప్పుడు వచ్చే చ, దాన్ని పాత పుస్తకాల్లో ౘ అని రాసేవాళ్ళు. మన పల్లెల్లో సలి, సాప అనేస్తారు, అలా కాదు, తెలుగు మాస్టారు పాఠం చెప్పేటప్పుడు పలికే చలి. సి అంటే అదే ౘ కి గాలి ఒత్తు. జెడ్ హెచ్ ఒక్కటే కొత్తది, నాలుకని ట పలికే చోట ఆనించి చ అనడానికి చూడు, నేను ట్ష అని రాసుకుంటాను, దాని గాలి ఒత్తు సి హెచ్, దాన్ని ట్ష్హ అని. ఆర్ కూడా కొంచెం తేడా, ష అంటూ గొంతు కలిపితే వస్తుంది. ఇంకా ఒక అచ్చు ఉంది, ఈ అంటూ నాలుక కదపకుండా పెదాలు మాత్రం ఊ అన్నట్టు చుట్టాలి, చేప అనే మాటకీ వెళ్ళడం అనే మాటకీ అదే కావాలి. అంతే. మొత్తం భాషలో మన నోటికి కొత్తవి ఈ మూడు నాలుగే.

మన సిక్కోలు, విజయనగరం వాళ్ళకి అసలు గండం శ ష స దగ్గరుంది. శ్రీకాకుళాన్ని సీకాకులం అనేసే నోళ్ళు మనవి, అన్నీ స చేసేస్తాం. మాండరిన్‌లో అవి మూడూ మూడు వేరే మాటలు. పడుకునే ముందు శ, ష, స అని మూడూ విడివిడిగా పది సార్లు అనుకో, ఇంట్లోవాళ్ళు వింతగా చూసినా సరే.

ఇక టోన్లు. మాట తర్వాత 1, 2, 3, 4 అని అంకె వేసుకో, పుస్తకంలో ఆ గీతల గుర్తులకంటే ఇది నోట్స్‌లో సులువు. మా1 అంటే అమ్మ, మా2 అంటే జనపనార, మా3 అంటే గుర్రం, మా4 అంటే తిట్టడం. ఇవి మన గొంతులో లేనివేం కాదు. ఒకటో టోను, మా ఊళ్ళో సంగీత కళాశాల గోడ పక్కన నడుస్తుంటే పిల్లలు సా పట్టి కదలకుండా నిలబెడతారే, అదే, పైన ఎత్తుగా తిన్నగా. రెండోది ఫోన్‌లో సరిగ్గా వినపడనప్పుడు "ఆఁ?" అని పైకి లేపుతాం చూడు, అది. మూడోది రాత్రి మామ్మ కథ చెప్తుంటే నిద్రమత్తులో "ఊఁ" కొడతామే, కింద గొంతులో, అది. పుస్తకాలు మూడో టోను కిందకి దిగి మళ్ళీ పైకి లేస్తుందని బొమ్మ వేస్తాయి, మామూలు మాటల్లో పైకి లేవదు, కిందే ఉండిపోతుంది, ఆ బొమ్మని నమ్మి నేను చాలా రోజులు వింతగా మాట్లాడాను. నాలుగోది అరుగు మీదకొచ్చిన కోడిని "హే!" అని అదిలించినట్టు, పైనుంచి కిందకి ఒక్క దెబ్బ. అంకె లేని మాట ఉంటే తేలిగ్గా పొట్టిగా అనెయ్యి.

రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే ముందుది రెండో టోను అయిపోతుంది, ని3 హావ్3 అన్నది ని2 హావ్3 అని వినపడుతుంది. పు4 అంటే కాదు, వద్దు, దాని పక్కన ఇంకో నాలుగో టోను వస్తే అది పు2 అవుతుంది, అందుకే "వద్దు" అనడానికి పు2 యావ్4. ఈ రెండు రూల్స్ చాలు, మిగతావి తర్వాత.

టోను తప్పితే అర్థం మారిపోతుందని భయపెడతారు, చాలాసార్లు సందర్భం చూసి అర్థం చేసుకుంటారు, అంత కంగారు లేదు. వ్యాపారస్తుడివి కాబట్టి ఒక జంట మాత్రం నీకు తప్పకూడదు, మాయ్3 అంటే కొనడం, మాయ్4 అంటే అమ్మడం. నువ్వు పప్పు అమ్మడానికొచ్చావో మెషిన్ కొనడానికొచ్చావో అవతలివాడికి ఆ ఒక్క టోనే చెప్తుంది. అన్నట్టు జీడిపప్పుని యావ్1 కువొ3 అంటారు, యావ్ అంటే నడుము, కువొ అంటే పండు, గింజ వంపు చూసి పెట్టిన పేరు. మెషిన్ అంటే చి1 ఛి4.

అంకెల మీద నువ్వు పెట్టే టైమ్‌లో సగం పెట్టాలి, ఇది గట్టిగా చెప్తున్నాను. యి1, అర్4, సాన్1, స్4, వు3, లియొవ్4, ఛి1, పా1, చియొవ్3, ష్2. నాలుగు, పది చూడు, స్4, ష్2, అచ్చు దాదాపు ఉండదు, సకారాన్ని గుంజినట్టే. పధ్నాలుగు అంటే పది నాలుగు, ష్2 స్4. నలభై అంటే నాలుగు పది, స్4 ష్2. నేను వెళ్ళిన మొదటి నెలలోనే ఒక చిన్న బజార్లో చేతిసంచి రేటు అడిగాను, ఆవిడ చెప్పింది, నేను పధ్నాలుగు అనుకుని ఇరవై నోటు ఇచ్చి ఆరు తిరిగిస్తుందని చెయ్యి చాపి నిలబడ్డాను, ఆవిడ ఇంకో ఇరవై ఇమ్మని చెయ్యి చాపింది, ఇద్దరం అలా చేతులు చాపుకుని ఉండిపోయాం. తర్వాత తెలిసింది, దక్షిణాన, గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ వైపు చాలామంది ష ని స చేసేస్తారు, అచ్చం మనలాగే. అప్పుడు నాలుగు, పది రెండూ స్ అయిపోతాయి, తేడా చెప్పేది టోను ఒక్కటే, కిందకి కొడితే నాలుగు, పైకి లేస్తే పది. నువ్వు ఎళ్తున్నది సరిగ్గా ఆ వైపుకే కాబట్టి అక్షరాన్ని నమ్మకు, గొంతు పైకెళ్ళిందా కిందకొచ్చిందా అన్నది విను. అనుమానం ఉంటే చేత్తో చూపించమను, ఆరుకి బొటనవేలు చిటికెనవేలు చాపి చూపిస్తారు, ఎనిమిదికి బొటనవేలు చూపుడువేలు, పదికి రెండు చూపుడువేళ్ళు అడ్డంగా పెడతారు.

పెద్ద లెక్క వేరేగా ఉంటుంది. మనం వెయ్యి, లక్ష, కోటి అని ఎక్కుతాం, వాళ్ళు పది వేల దగ్గర ఆగి దానికి వాన్4 అని పేరు పెట్టారు. లక్ష అంటే పది వాన్, కోటి అంటే వెయ్యి వాన్. ఇంగ్లీషు మిలియన్ల మీదుగా వెళ్తే బుర్ర తిరుగుతుంది, మన పది వేలు అనే మాటని పట్టుకుని వాన్ అనుకుంటే తిన్నగా వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది, అది నాకు ఫోషాన్‌లో ఒక ఫ్యాక్టరీలో డబ్బు మిగిల్చింది. నాకు చెప్పిన రేటు 95 వేల యువాన్లు. నేను తగ్గించమంటుంటే ఆ సేల్స్ అమ్మాయి లోపలికి తిరిగి ఓనర్‌ని అడిగింది, ఆయన టీ పోసుకుంటూ తల ఎత్తకుండా "పా1 వాన్4 వు3" అన్నాడు. మాట ప్రకారం చూస్తే ఎనభై వేల ఐదు అనిపిస్తుంది. కాదు, చివర మిగిలిన అంకె దాని కింది మెట్టుకి చెందుతుంది, అంటే ఎనభై ఐదు వేలు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి ఇంగ్లీషులో 92 అంది. నేను ఏమీ వాదించలేదు, కాలిక్యులేటర్ తీసుకుని 85 వేలు కొట్టి ఆయన ముందు పెట్టాను, ఆయన నవ్వి నాకూ ఒక కప్పు టీ పోశాడు. ఆ మూడు మాటలు వినపడ్డం కోసమే నీకు ఈ రెండు నెలలు అంటున్నాను.

రెండు అనే అంకెకి అర్4, కానీ వస్తువులు లెక్కపెడితే లియాంగ్3 కావాలి, లియాంగ్3 క అంటే రెండు. ఇది కష్టం అని రాస్తారు, మనం కూడా రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు అని వేరేగానే అంటాం కదా. రూమ్ నంబర్లలో, ఫోన్ నంబర్లలో ఒకటిని యావ్1 అంటారు, హోటల్లో నీ రూమ్ నంబర్ చెప్తే కంగారు పడకు.

వ్యాకరణం నీకు గట్టిగా రెండు రోజుల పని, అదీ తెలుగువాడివి కాబట్టి. ప్రశ్నకి మనం చివర ఆ తగిలిస్తాం, వస్తావా, తింటావా. వాళ్ళు చివర మా తగిలిస్తారు, ని3 లాయ్2 మా అంటే నువ్వు వస్తావా. ఉందా లేదా అని అడగాలంటే యొవ్3 మెయ్2 యొవ్3, అచ్చంగా ఉందా లేదా. అవునా కాదా అంటే ష్4 పు2 ష్4. జవాబు కూడా మనలాగే, తింటావా అంటే తింటాను అంటాం గానీ ప్రతిదానికీ అవును అనం కదా, వాళ్ళూ క్రియనే తిరిగి చెప్తారు, తినను అనాలంటే ముందు పు పెడతారు. నేను కొన్న మెషిన్ అనడానికి వొ3 మాయ్3 త చి1 ఛి4, వరస చూడు, నేను, కొన్న, మెషిన్. ఇంగ్లీషులో ఇది తలకిందులు అవుతుంది, మనకి అవ్వదు. మనకి తేడా పడేది ఒక్కచోట, నేను అన్నం తింటాను అని మనం అంటే వాళ్ళు నేను తింటాను అన్నం అంటారు, వొ3 ట్ష్హ్1 ఫాన్4. క్రియ మధ్యలోకి తెచ్చుకో, అంతే. కాలాన్ని బట్టి, మనిషిని బట్టి క్రియ మారదు, నిన్న, రేపు అని ముందు చెప్పేస్తే సరిపోతుంది.

వరసలు పిలవడం కూడా మన పద్ధతే. అన్నకి వేరు, తమ్ముడికి వేరు, అక్కకి చియె3 చియె, చెల్లికి మెయ్4 మెయ్, మేనమామకి చియొవ్4 చియొవ్, మేనత్తకి కు1 కు. షాపు ఓనర్‌ని లావ్2 పాన్3 అని పిలు, మన షావుకారు గారూ లాంటిది, మొహం వెలిగిపోతుంది. టాక్సీ డ్రైవర్‌ని, ఫిట్టర్‌ని ష్1 ఫు అనాలి, మేస్త్రీ అన్నట్టు గౌరవం. పెద్దావిడ కనపడితే ఆ1 యి2, పిన్నీ అన్నట్టు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ని3 బదులు నిన్2 అంటే మీరు అన్నట్టు. ఊరికే హలో హలో అని అరిచే కస్టమర్‌కీ ష్1 ఫు అని పిలిచే కస్టమర్‌కీ దొరికే మర్యాద ఒకటి కాదు, నేను రోజూ చూశాను.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మొదటిసారి ఎళ్ళే మనవాళ్ళు ఎక్కువ బాధపడేది ఇక్కడే. రొవ్4 అంటే మాంసం, కానీ ఏ జంతువో చెప్పకుండా ఊరికే రొవ్ అంటే మామూలుగా పంది అని అర్థం. నియు2 రొవ్4 ఆవు మాంసం, ట్షు1 రొవ్4 పంది, యాంగ్2 రొవ్4 మేక లేదా గొర్రె, చి1 రొవ్4 కోడి, యు2 చేప, చి1 తాన్4 గుడ్డు. ఆవు తినను అనడానికి వొ3 పు4 ట్ష్హ్1 నియు2 రొవ్4. నేను మాంసం తింటాను గానీ ఆవు, పంది ముట్టను. మొదటి వారంలో ఒక రాత్రి వానలో తడిసి చిన్న హోటల్‌కి ఎళ్ళి సేఫ్‌గా ఉంటుందని తోఫు చెప్పాను, ఎర్రగా నూనె తేలుతూ వచ్చింది, ఘుమఘుమలాడిపోయింది, గరిటె పెట్టి తిప్పితే అడుగునంతా కీమా. మాంసం వద్దన్నాను కదమ్మా అని సైగ చేస్తే ఆవిడకి నా బాధ అర్థం కాలేదు, పాపం నిజంగానే, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది తోఫు కూర, రుచి కోసం కాస్త కీమా వేస్తే అది మాంసం కూర అవ్వదు. కూరగాయల వేపుళ్ళలో కూడా ఇలాగే వేస్తారు, కొన్నిచోట్ల పంది కొవ్వుతో వండుతారు. కాబట్టి మాంసం తినను అని ఆగిపోకు, "యి4 తియెన్3 రొవ్4 తొవ్1 పు2 యావ్4" అను, మాంసం కొంచెం కూడా వద్దు అని. పూర్తి శాకాహారివైతే వొ3 ట్ష్హ్1 సు4. అన్నానికి మి3 ఫాన్4. టమాటా గుడ్డు వేపుడు అన్ని చోట్లా దొరుకుతుంది, ఆ వైపు ఫాన్1 ఛియె2 ట్ష్హావ్3 తాన్4 అంటారు, ఉత్తరాన టమాటాకి ఇంకో పేరు. ఆ కూర, తెల్లన్నం, నువ్వు తీసికెళ్ళిన ఆవకాయ, మూడు ఉంటే ఏ పూటా పస్తు ఉండవు. ఛింగ్1 ట్షెన్1 అని బోర్డు ఉన్న నూడుల్స్ హోటళ్ళు ముస్లింలవి, అక్కడ పంది ఉండదు, ఆవు మాత్రం బాగా ఉంటుంది, అది చూసుకో. తాగడానికి వేడినీళ్ళు ఇస్తారు, ఖాయ్1 షుయ్3 అంటే మరగబెట్టిన నీళ్ళు, రైళ్ళలో కూడా కొళాయి ఉంటుంది, ఫ్లాస్క్ పట్టుకెళ్ళు.

బజారు మాటలు త్వరగా చెప్పేస్తాను. ఎంత అంటే తువొ1 షావ్ ఛియెన్2. ఇది అంటే ట్ష4 క, ఇది కావాలి అంటే వొ3 యావ్4 ట్ష4 క. ఎక్కువ చెప్తున్నావు అంటే థాయ్4 కుయ్4 ల. కొంచెం తగ్గించు అంటే ప్హియెన్2 యి యి4 తియెన్3. నోట్ల మీద యువాన్ అని ఉంటుంది గానీ నోట్లో ఖువాయ్4 అంటారు. శాంపిల్ అంటే యాంగ్4 ప్హిన్3. బాత్రూమ్ ఎక్కడ అంటే ౘ్హ4 సువొ3 ౘాయ్4 నా2 లి3. వాళ్ళు మాట తడుముకునేటప్పుడు నెయ్‌క నెయ్‌క అంటూ ఉంటారు, మన "అదీ... అదేటంటే" లాంటిదే, అర్థం వెతక్కు.

ఇంకో రెండు మాటలు పాస్‌పోర్ట్ అంత ముఖ్యం. థింగ్1 పు తొంగ్3, విన్నాను గానీ అర్థం కాలేదు. ఛింగ్3 షువొ1 మాన్4 యి4 తియెన్3, కొంచెం మెల్లగా చెప్పండి. నువ్వు ఒక ముక్క బాగా పలికితే అవతలివాళ్ళు నీకు భాష వచ్చనుకుని గడగడా మొదలెడతారు, అక్కడ మొహం తెల్లబోయి తల ఊపకు, ముఖ్యంగా ఫ్యాక్టరీలో అర్థం కాకుండా తల ఊపితే ఒప్పుకున్నట్టే. ఈ రెండు మాటలు అనెయ్యి, ఎవరూ చిన్నచూపు చూడరు.

అక్షరాలు నేర్చుకోవాలా అన్నావు. రాయడం అక్కర్లేదు. ఓ ఇరవై ముప్ఫై గుర్తుపట్టడం చాలు. బయటికెళ్ళే దారికి రెండు అక్షరాలుంటాయి, మొదటిది కొండ మీద కొండ పెట్టినట్టు, రెండోది ఖాళీ చదరం, ఆ చదరం అంటే నోరు, ద్వారం. ఆవు అక్షరం రెండు అడ్డకర్రలున్న కరెంటు స్తంభంలా ఉంటుంది, పై కర్రకి ఎడమ చివర చిన్న వాలు గీత. గొర్రెకి పైన రెండు కొమ్ములు, కింద మూడు అడ్డగీతలు. మగవాళ్ళ బాత్రూమ్ అక్షరానికి పైన నాలుగు గళ్ళ కిటికీ, నిజానికి అది పొలం. ఇలా బొమ్మలుగా చూడు. పంది, కోడి, శాకాహారం, నెట్టు, లాగు, తూర్పు, పడమర, ఇవి ఫొటో తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. ప్లెకో అనే డిక్షనరీ యాప్ నెట్ లేకుండా పనిచేస్తుంది, అది ఇక్కడే వేసుకో, ప్రతి మాటనీ అందులో విని అప్పుడు తెలుగులో రాసుకో, నేను పైన రాసినవి కూడా వినకుండా బట్టీ పట్టకు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, అక్కడ గూగుల్, వాట్సాప్ మామూలు నెట్ మీద రావు. మెసేజ్‌లకీ కాల్స్‌కీ వీచాట్, డబ్బు కట్టడానికి అలిపే ఇక్కడే వేసుకుని నీ ఇంటర్నేషనల్ కార్డు కలుపుకో, ఇంట్లోవాళ్ళకి కూడా వీచాట్ వేసి ఒకసారి కాల్ చేసి చూడు, దిగాక అమ్మ ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. హోటల్ పేరు, అడ్రస్ చైనీస్‌లో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి జేబులో పెట్టుకో. టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి 2025 అక్టోబర్‌లో మళ్ళీ డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది, పలాసలో రైలెక్కి హౌరాలో దిగేవాడికి అది కలిసొస్తుంది, టికెట్ తీసేముందు షెడ్యూల్ చూసుకో. ఇంకోటి, వాళ్ళ త్రీఫేజ్ 380 వోల్టులు, మనది 415, మెషిన్ మోటార్ మన కరెంటుకి తగ్గట్టు ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకో.

రోజుకి ఎంతసేపు అంటే నలభై నిమిషాలు, పొద్దున్న ఇరవై, రాత్రి ఇరవై. మొదటి రెండు వారాలు మాటల జోలికి పోకు, శబ్దాలు, టోన్లు, ఒకటి నుంచి వంద. తర్వాత నాలుగు వారాలు తిండి, రేటు, దారి. పాత పద్ధతిలో హెచ్‌ఎస్‌కె అనే వాళ్ళ భాషా పరీక్ష మొదటి మెట్టుకి 150 మాటలు ఉండేవి, నీకూ అంతే చాలు, కానీ ఆ 150 వినగానే తెలియాలి, చదివితే తెలియడం కాదు. చివరి రెండు వారాలు మాట్లాడ్డం తగ్గించి అంకెలు వినడమే, ఎవరైనా అడ్డదిడ్డంగా అంకెలు చదివే వీడియో పెట్టుకుని కాగితం మీద రాసుకుంటూ పో, పదికి తొమ్మిది కరెక్ట్ వచ్చేదాకా.

నోట్‌బుక్ ఇవాళే మొదలెట్టు. ముందు ఒకటి నుంచి పది దాకా, తర్వాత పధ్నాలుగు, నలభై, నలభై నాలుగు, నీ గొంతుతో రికార్డ్ చేసి పెట్టు. ఆదివారం సాయంత్రం నాకు ఖాళీ ఉంటుంది, అది విని నీ నాలుగు ఎక్కడ పది అయిపోతుందో చెప్తాను.